పాలు తాగింది తమ్ముడు

మా అమ్మకు టీబీ అని డాక్టర్ చెప్పేనాటికి మా తమ్మునికి ఇంక రెండు నెలలు నిండలే. నాకు పన్నెండో ఏడు నడుస్తాంది.

అరవైల నడుమ ముచ్చట ఇది. గోదావరిఖనిల అప్పుడప్పుడే కొత్త బాయిలు మొదలైతున్నయి. బెల్లంపల్లిల ఏండ్ల సంది బొగ్గుబాయి పని చేసిన మా బాపును ఇటు పంపితే, రెండు మంచాలు, ఒక చెక్కపెట్టె, గోడకు తగిలించే సిలువ పట్టుకొని రైలు దిగినం. బాయిల పైకప్పు కూలకుండ దుంగలు నిలబెట్టే పని బాపుది. మా పక్క క్వార్టర్ల ఉండే ఆయన, బొగ్గు టబ్బులను తాడుతోటి పైకి గుంజే ఇంజను నడిపేటోడు. వాళ్లు ముసల్మానులు, మేము క్రైస్తవులం. రెండిండ్ల వెనక వాకిళ్లకు నడుమ నా భుజాలంత ఎత్తు గోడ ఒక్కటే. అప్పటిదాక ఆ గోడ మీదికెల్లి మాకు నడిచిందల్ల ఇంత ఉప్పు, ఇంత నిప్పు, నల్లా వచ్చిందా రాలేదా అన్న మాట. అంతే.

అమ్మను దూరంగ ఉన్న టీబీ దవాఖానల చేర్పియ్యాలె, పిల్లగానికి పాలియ్యొద్దు, దగ్గరికి కూడ రానియ్యొద్దు అన్నడు డాక్టర్. అమ్మ దవాఖానకు పోయిన పొద్దు నాకింక కండ్లల్లనే ఉంది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గడప అవతల నిలబడి, నా చేతులల్ల ఉన్న వాణ్ని చూసింది. ముట్టుకోలే. పానం లెక్క చూసుకో బిడ్డా అని నాకు చెప్పి, బాపు వెనక నడిచింది. మూల మీద ఒక్కసారి ఆగింది గాని వెనక్కి తిరిగి చూడలే.

తమ్మునికి డబ్బాపాలు పడలే. ఆవుపాలల్ల నీళ్లు కలిపి పట్టిస్తే కడుపు పోయేది. పది దినాల్ల వాని చేతులు పుల్లలైనయి. బాపు షిఫ్టుకు పోతే ఇంట్ల నేను, వాడు, వాని ఏడుపు. మా చర్చి ఆడోళ్లు వచ్చిన్రు, వాకిట్ల నిలబడి ప్రార్థన చేసిపోయిన్రు. వాళ్లను తప్పు పట్టను. అప్పట్ల టీబీ అంటే అట్ల భయపడేది జనం. లోపటికి వచ్చింది ఒక్క ఎదురింటవ్వ. ఈ చుట్టుపక్కల ఊరామెనే. భూమి కొంత బాయిల కింద పోయినంక కొడుకు బాయిల చేరితే, ఆమె కూడ క్వార్టర్‌కు వచ్చింది. పొద్దుగాల లేచి ఎల్లమ్మకు మొక్కందే చాయ తాగకపోయేది. ఆ అవ్వ వచ్చి తమ్మున్ని కాళ్ల మీద పండపెట్టుకొని, వాని పొట్ట నిమిరి, నా దిక్కు చూసింది.

"పక్కింట్ల పాలిచ్చే తల్లి ఉండంగ ఈ డబ్బా ఎందుకే పిల్లా?"

వాళ్లు సాయబులు గదా అవ్వా అన్న నేను.

"అయితే ఏంది? ఆమె పాలు నల్లగుంటయా?"

నా జవాబు కోసం ఆగలే. వెనక వాకిట్లకు పోయి గోడ దగ్గర నిలబడి పక్కింటామెను పిలిచింది. ఆమెకు ఇద్దరాడపిల్లలు. చిన్నది మా తమ్మునికంటె ఐదు నెలలు పెద్ద, ఇంక చన్నుపాలే తాగుతాంది. పిలుపు కోసమే గోడకు ఆనుకొని ఉన్నట్టు ఎంటనే పలికింది ఆమె. వాని ఏడుపు ఎనిమిది దినాల సంది వింటనే ఉన్న, నా పాలు కారిపోయి రవిక తడుస్తాంది, గాని మా ఆయన్ను అడగకుంట, ఆ పిల్లగాని తండ్రి ఒప్పుకోకుంట ఎట్లిస్త అన్నది. అప్పుడు నాకు ఆ మాట అర్థం కాలే. పాలియ్యడానికి మొగోళ్ల ఒప్పుదల ఏందో అనుకున్న.

మర్నాడు మధ్యాహ్నం, మొదటి షిఫ్టు దిగినంక, పక్కింటాయన మా ఇంటికొచ్చిండు. తానం చేసి తెల్లంగి తొడుక్కొని వచ్చిండు. గోర్ల సందుల మాత్రం బొగ్గు పోలే. బాపు మంచం వాల్చిండు. ఆయన కొంతసేపు బాయి ముచ్చట మాట్లాడి, తర్వాత గొంతు సవరించుకున్నడు.

"అన్నా, మా ఇంటామె నీ కొడుక్కు పాలిస్తనంటాంది. నాకు ఇష్టమే. గాని ముందుగాల ఒక మాట నీకు చెప్పాలె. మా దాంట్ల పాలంటే ఉత్త పాలు కాదు. ఒక్కసారి తాగితే ఆమె వానికి తల్లయితది. నేను తండ్రినైత. నా బిడ్డలు వాని తోడబుట్టినోళ్లయితరు. రేపు పెద్దగైనంక కాదంటే కుదరదు. అది రక్తం అసొంటిదే."

బాపు మా చర్చిల పెద్ద. ఆదివారం కానుకల పళ్లెం పట్టుకునేటోడు. మనసుల ఉన్నది దాచకుంట అడిగిండు.

"భాయ్, రేపు వీడు మావోడే, మా మతంలకు రావాలె అంటరా?"

ఆయనకు కోపం రాలే. తల అడ్డంగ ఊపిండు.

"కొడుకైతడు. ముసల్మానైతడని నేను అన్లే. వాని ప్రార్థన వానిదే, మా నమాజు మాదే."

బాపు లేచి లోపటికి వచ్చి, నా చేతులకెల్లి తమ్మున్ని తీసుకున్నడు. నా వెంట రా బిడ్డా అన్నడు. ముందు తొవ్వల నుంచి పోయినం, గోడ మీదికెల్లి కాదు. ఆ గడప తొక్కుడు అదే మొదలు నాకు. బాపు బయటనే నిలబడ్డడు. నేను పిల్లగాన్ని లోపలి అర్రలకు తీసుకపోయిన. ఆమె గోడకు ఒరిగి కూసుంది. ఇరవై ఐదేండ్లు కూడ ఉండయి, ముక్కుకు చిన్న పుల్ల, కండ్ల కింద నిద్ర లేని నలుపు. వాణ్ని అందుకొని బిస్మిల్లా అన్నది. వానికి ఏం చెయ్యాల్నో కూడ మతికి లేకపోయె. మూడుసార్లు మొహం తిప్పుకొని, నాలుగోసారి పట్టిండు. ఆ సప్పుడు విని బయట మా బాపు గోడకు మొహం పెట్టి ఏడ్సిండని, చాన ఏండ్ల తర్వాత ఎదురింటవ్వ చెప్తె తెలిసింది.

అట్ల మా తమ్ముడు రోజుకు ఐదారుసార్లు గోడ దాటుడు మొదలైంది. ఇప్పుడు గోడ మీదికెల్లే. నేను ఇటు నుంచి ఎత్తి పట్టుకుంటే ఆమె అటు నుంచి అందుకునేది. ఆమెను నేను ఖాలమ్మ అని పిలుసుడు మొదలువెట్టిన. వాళ్లల్ల తల్లి అక్కచెల్లెండ్లను ఖాలా అంటరు, దాని తోకకు మా అమ్మను కట్టిన.

పాలు తాగింది తమ్ముడే గాని, ఆ తొమ్మిది నెలలు నన్ను సాదింది కూడ ఖాలమ్మే. జొన్నరొట్టె అంచు పగలకుంట తట్టుడు ఆమె దగ్గరనే నేర్చుకున్న. నాకు తల దువ్వేది. దువ్వేటప్పుడు గట్టిగ గుంజేది, నొప్పి పుట్టేది, అయినా కదలకుంట కూసునేదాన్ని. ఆ ఎండాకాలంలనే నేను పెద్దమనిషినైన. రక్తం చూసి నాకు కూడ అమ్మ లెక్కనే జబ్బు వచ్చింది, సచ్చిపోతనని దుప్పటి కప్పుకొని మూలకు కూసున్న. బాపుకు ఎట్ల చెప్తం? ఖాలమ్మ వచ్చి దుప్పటి తీసింది. జబ్బు గాదు పిచ్చిదానా, అని దగ్గరికి తీసుకొని, తన పాత చీర చింపి, ఏం చెయ్యాల్నో మెల్లగ చెప్పింది. నీళ్లు కాగబెట్టి తలకు పోసింది. నెత్తి తుడుస్తుంటే ఆమె గాజులు నా చెవుల పక్కన గలగలమన్నయి. మా అమ్మ అక్కడ ఎక్కన్నో మంచం మీద ఉంటే, నాకు ఈమె నా తల్లయితే బాగుండు అనిపించింది. అనిపించినందుకు రాత్రి ప్రార్థనల క్షమించుమని అడుక్కున్న.

తొమ్మిది నెలలకు అమ్మ నయమై వచ్చింది. చిక్కిపోయింది, జుట్టు సగమే ఉంది. రిక్షా దిగుడుతోనే చేతులు చాపింది. తమ్ముడు నా భుజంల మొహం దాచుకున్నడు. అమ్మ బలవంతంగ తీసుకుంటే గుక్కపట్టి ఏడ్సిండు. వాని చేతులు గోడ దిక్కు చాపి "అమ్మీ, అమ్మీ" అన్నడు. వానికి వచ్చిన మొదటి మాట అది, ఖాలమ్మ బిడ్డల దగ్గర నేర్చుకున్నది.

అమ్మ పిల్లగాన్ని నా చేతులల్ల పెట్టి, లోపటికి పోయి తలుపు దగ్గరికేసుకుంది.

ఆ దినం నుంచి ఖాలమ్మ గోడ దగ్గరికి వచ్చుడు బంద్ చేసింది. నేను పోయి పిలిచినా రాలే. తల్లికి బిడ్డ దొరకాలె, నేను కనబడితే వాడు ఆమె దగ్గరికి పోడు, అన్నది. వాడు ఇటు ఏడుస్తుంటే అటు ఆమె పొయ్యి ముందట ఊకెనే గిన్నెలు తోముకుంట కూసునేది. నేను చూసిన. తోమిన గిన్నెనే మళ్ల తోమేది. ఇటు అమ్మ, గంజి కాసి చెంచతోటి పెడ్తే వాడు ఉమ్మేస్తుంటె, నా కొడుకు నన్నెరుగడు అని ఒక్కతే గొణుక్కునేది. ఇద్దరి నడుమ నేను. ఎవరి దిక్కు మాట్లాడినా ఇంకొకరికి ద్రోహం చేసినట్టే ఉండేది.

నెల రోజులకు తమ్మునికి బాప్తిస్మం పెట్టుకున్నరు. మా దాంట్ల పసిపిల్లలకు నెత్తిన నీళ్లు చల్లి ఇస్తరు. బాపు పోయి పక్కింటోళ్లను పిలిచిండు. వస్తరని మేము అనుకోలే. వచ్చిన్రు. అప్పట్ల మా చర్చి అంటే రేకుల కప్పు, మట్టి గోడలు, ముందట చిన్న వరండా. ఖాలమ్మ నల్ల బుర్ఖా వేసుకొని వరండాలనే నిలబడ్డది, లోపటికి రాలే. ఆయన ఇంక దూరంగ, సైకిళ్ల దగ్గర.

పాస్టర్ గారు ప్రార్థన మొదలువెట్టుడుతోనే తమ్ముడు ఏడుపు లంకించుకున్నడు. అమ్మ ఊపింది, జోకొట్టింది, వాడు వెనక్కి వంగిపోయి ఏడుస్తనే ఉన్నడు. ప్రార్థన ఆగిపోయింది. అందరు చూస్తున్నరు. అమ్మ మొహం ఎర్రగైంది. ఇగ ఏడుస్తదేమో అనుకున్న. ఏడ్వలే. వాణ్ని ఎత్తుకొని, బల్లల నడుమ నుంచి తలుపు దిక్కు నడిచింది. వరండాల ఖాలమ్మ ముందట ఆగింది.

"వీడు నా తోని ఊకుంటలేడు అక్కా. నువ్వు పట్టు."

అక్క అని ఆమెను పిలుసుడు అదే మొదలు. ఖాలమ్మ ముసుగు పైకెత్తి వాణ్ని అందుకుంది. వాడు ఆమె మెడల మొహం పెట్టి, ఎక్కిళ్లు పెట్టుకుంట సల్లవడ్డడు. అమ్మ తీసుకపోదామని చేతులు చాపింది, మళ్ల చేతులు దించుకుంది. ఖాలమ్మ గడప లోపటికి రాదు. అమ్మ వాణ్ని గుంజుకోదు. లోపల జనం మెడలు తిప్పి చూస్తున్నరు. అప్పుడు పాస్టర్ గారు నీళ్ల గిన్నె పట్టుకొని బల్లల నడుమ నుంచి నడిచి తలుపు దగ్గరికే వచ్చిండు. పెద్దమనిషి, మోకాళ్ల నొప్పులతోటి కుంటుకుంట వచ్చిండు. అమ్మ ఒక పక్క, బాపు ఒక పక్క, ఖాలమ్మ చేతులల్ల తమ్ముడు. ఆయన గడప లోపల నిలబడి, చెయ్యి బయటికి చాపి, వాని నెత్తి మీద మూడుసార్లు నీళ్లు చల్లిండు. ఖాలమ్మ తల దించుకునే ఉంది. అయిపోయినంక వాని నెత్తిని తన బుర్ఖా అంచుతోటి తుడిచింది.

కొందరు ఆ తర్వాత నెల రోజులు అదే మాట్లాడిన్రు. అటు వాళ్లల్ల కూడ ఒకరిద్దరు ఖాలమ్మను అడిగిన్రంట, చర్చిల నీళ్లు పోస్తుంటె నువ్వు పట్టుకుంటవా అని. ఆమె చెప్పిన జవాబు అమ్మకు ఆమెనే చెప్పింది, అమ్మ నాకు చెప్పింది. నీళ్లు పోసింది వాళ్ల దేవుని కోసం, నేను పట్టుకున్నది నా కొడుకును, అన్నదంట.

ఆ దినం నుంచి మా అమ్మకు ఆమెకు పొద్దుగూకులు ముచ్చట్లే. తమ్ముడు మెల్లగ అమ్మకు మాలిమైండు, ఖాలమ్మనే మాలిమి చేసింది. గోడకు ఇటొకరు అటొకరు నిలబడి బియ్యం చెరుగుకుంట మాట్లాడుకునేది. ఒక క్రిస్మస్ ముందట నేను విన్న మాట ఉంది. ప్రభువు పశువుల పాకల పుట్టిండని అమ్మ చెప్తాంది. ఖాలమ్మ చెరుగుడు ఆపి, మా దాంట్ల కూడ ఆ తల్లి ఉంది, మేము ఎంతో ఇజ్జత్ తోటి పేరు తీస్తం అన్నది. మా దాంట్ల ఆమె ఒక్కతే పురిటి నొప్పులతోటి ఎడారిల ఖజూర్ చెట్టు కిందికి పోయింది, ఈ బాధకంటె ముందుగాలనే సచ్చిపోతే బాగుండు అనుకుంది, అని చెప్పింది. అమ్మ చాట పక్కకు పెట్టింది. మా దాంట్ల ఆమె నొప్పుల ముచ్చట రాయలే అక్కా అన్నది. ఇద్దరు ఆ నొప్పులు పడ్డోళ్లే, ఇద్దరికీ ఆ తల్లి ఎవరో పాత చుట్టం అయినట్టు ఆమె గురించే చాన సేపు మాట్లాడుకున్నరు.

అన్నీ కలిసినయని కాదు. దేవునికి కొడుకుండుడు మేము ఒప్పుకోం అని ఖాలమ్మ నిమ్మలంగనే చెప్పింది. మా బతుకంత ఆ మాట మీదనే నిలబడ్డది అని అమ్మ కూడ అంతే నిమ్మలంగ చెప్పింది. నీ బియ్యంల మెరిగెలు ఎక్కువున్నయి, ఆ చాట ఇటియ్యి అన్నది ఖాలమ్మ. ఆ మాట మీద వాళ్లు ఎన్నడు కొట్లాడలే. ఎన్నడు ఒక్కటి కూడ కాలే.

తమ్ముడు పెరుగుతుంటే నాకు ఒక బాధ లోపల మొదలైంది. వాడు ఆమెను అమ్మీ అంటడు. రంజాన్‌కు వానికి కొత్త అంగి. ఎవరన్న కొత్త చుట్టాలొస్తే, మేరా దూద్ కా బేటా, నా పాలు తాగిన కొడుకు అని ముందట నిలబెట్టి చెప్పేది. పక్కన నేను ఉంటే, పక్కింటి పిల్ల అనేది. అబద్ధం ఏముంది, నేను పక్కింటి పిల్లనే. గాని వాడు తాగిన పాలు వానికి గుర్తు కూడ లేవు. నాకు ఆమె గాజుల సప్పుడు కూడ గుర్తుంది. పద్దెనిమిదేండ్లప్పుడు ఒకసారి, ఇద్దరం గోడ దగ్గర ఒడియాలు పెడ్తుంటే, ఉండబట్టలేక అడిగిన. నీ దాంట్ల నేను నీకు ఏమైత ఖాలమ్మా అని.

ఆమె పిండి చేతిని అట్లనే ఆపి నా దిక్కు చూసింది. అడిగింది ఎందుకో ఆమెకు ఎంటనే తెలిసింది.

"వాణ్ని ఎత్తుకొచ్చి నా ఒళ్లె పెట్టిన్రు. నువ్వు నీ కాళ్లతోటి నడిచొచ్చినవు," అన్నది. "దానికి మా దాంట్ల పేరు లేదు బిడ్డా. అల్లాకు తెలుసు."

ఆ మాటతోటి నాకు సంతోషమైందో, ఇంక ఎక్కువ బాధైందో ఇప్పటికి చెప్పలేను.

డెబ్బైలు మొదలైనంక ఆమె భర్తకు దమ్ము ఎక్కువైంది. నాలుగడుగులు వేస్తే ఆగి గోడ పట్టుకునేటోడు. ఇగ బాయి పనికి పనికిరాడని తేల్చిన్రు. క్వార్టర్ ఖాళీ చెయ్యాలె. జగిత్యాల అవతల ఒక చిన్న ఊరు వాళ్లది, అక్కడికి పోతమన్నరు. పోయే దినం సామాను లారీల ఎక్కించినంక, ఖాలమ్మ మా ఇంట్లకు వచ్చి, అర్రల్లన్ని తిరిగి చూసింది, ఏదో మర్చిపోయినట్టు. తమ్ముడు తొమ్మిదేండ్లోడు, ఆమె కొంగు పట్టుకొని వెంట తిరిగిండు. అమ్మ, ఆమె ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని మంచం మీద కూసున్నరు. నేను బయట ఎదురింటవ్వ పక్కన నిలబడ్డ. లారీ పోయినంక ఆ అవ్వ, ఇగ ఆ గోడ దిక్కు పోబుద్ధి కాదే అని తన ఇంట్లకు పోయింది.

ఉత్తరాలు వచ్చేటివి. ఆమె చెప్తుంటె చిన్నబిడ్డ ఉర్దూల రాసేది. మా ఇంట్ల ఉర్దూ మాట్లాడుడు అందరికి వస్తది, చదువుడు ఎవరికి రాదు. బాపు ఆ కార్డు పట్టుకొని మసీదు దగ్గరి మౌల్వీ సాబు దగ్గరికి పోయేటోడు. ఆయన మెల్లగ చదివి చెప్పేటోడు, బాపు చెప్పిన జవాబు ఉర్దూల రాసేటోడు. మొదట్ల పని చూసుకొని వచ్చే బాపు, పోను పోను గంటలు గంటలు అక్కడనే కూసునేటోడు. ఏం మాట్లాడుకున్నరు అని అమ్మ అడిగితే, ఇయ్యాల ఉపవాసం గురించి మాట్లాడినం, ఇయ్యాల సావు గురించి మాట్లాడినం అని చెప్పేటోడు. మౌల్వీ సాబుకు జ్వరమొస్తే బాపు మోకాళ్ల మీద కూసొని ఆయన పేరు పెట్టి ప్రార్థన చేసుడు నేను చూసిన.

తర్వాత మేము కూడ కదిలినం. బాపుకు మందమర్రి బదిలీ అయింది. నాకు కాసిపేట దిక్కు బడిల టీచర్ నౌకరీ దొరికింది. కొత్త అడ్రసు రాసి పంపినం, జవాబు రాలే. మళ్ల రాసినం. రాలే. మందమర్రిల ఉర్దూ రాసిచ్చేటోళ్లను బాపు ఎతుక్కున్నడు గాని, ఆ మౌల్వీ సాబుతోటి కూసున్నట్టు ఎవరి దగ్గర కూసోలే. అమ్మకు మళ్ల ఆయాసం మొదలైంది, ఒక్కసారి అక్కను చూడాలె అనేది. తీసుకపోదాం అనుకుంటనే ఉన్నం. ఈ సెలవులు కాదు, వచ్చే సెలవులు. అట్ల అమ్మ చూడకుంటనే పోయింది.

అమ్మ పోయిన ఆర్నెల్లకు నేను, తమ్ముడు బయలుదేరినం. వాడు అప్పటికి కాలేజీల చేరిండు, మూతి మీద నూనూగు మీసం. మంచిర్యాల పోయి అక్కడ బస్సు మారి, ధూళి తినుకుంట ఆ ఊరికి చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. అడుక్కుంట పోయి, పచ్చరంగు తలుపు కొట్టినం. లోపటి నుంచి ఆడగొంతు, ఎవరు అని అడిగింది. మొగోళ్లు ఇంట్ల లేరు, తర్వాత రండి అన్నది. తమ్ముడు ఏం చెప్పాల్నో తెల్వక, నేను గోదావరిఖని నుంచి వచ్చిన అన్నడు. గొళ్లెం తీసిన సప్పుడు. తలుపు బార్లా తెరిచి, ముసుగు గిసుగు ఏమి లేకుంట చిన్నబిడ్డ నిలబడ్డది. వాని కండ్లల్లకు సూటిగ చూసింది.

"భయ్యా," అన్నది. "ఇన్నొద్దులా?"

వాడు ఏడ్సుకుంట ఆమె భుజం మీద తల పెట్టిండు. పొట్టిదైన ఆమె మునివేళ్ల మీద లేచి వాని వీపు నిమిరింది.

ఖాలమ్మ పోయి అప్పటికి రెండు నెలలు. ఆయన అంతకు ముందు యేడే పోయిండు. తల్లికి బాగలేదని గోదావరిఖని క్వార్టర్‌కు రెండు కార్డులు రాసిందంట ఆ పిల్ల. మా కొత్త అడ్రసు వాళ్లకు అందనే లేదు. మా అమ్మ పోయింది వాళ్లకు తెల్వదు. వాళ్ల అమ్మ పోయింది మాకు తెల్వదు.

సాయంత్రం ఆ వాడల ఒక పెద్దమనిషి వచ్చి తమ్మున్ని ఖబరస్తాన్‌కు తీసుకపోతనన్నడు. ఇతను ఎవరు అని ఆయన అడిగితే, అమ్మీ కొడుకు అని చెప్పింది ఆ చిన్న చెల్లె. ఇంక ఏం అడగలే ఆయన. నేను కూడ లేచి చెప్పులు తొడుక్కున్న. చెల్లె నా చెయ్యి పట్టుకొని, మా దిక్కు ఆడోళ్లం పోము అక్కా అన్నది. నేను కూడ పోలే, ఆమెను మట్టిల పెట్టిన్నాడు నేను ఈ గడపలనే ఉన్న, అన్నది. నేను చెప్పులు విడిచి ఆమె పక్కన కూసున్న. తమ్ముడు, ఆ పెద్దాయన వాడ మలుపు తిరిగిందాక చూసినం.

అమ్మీ నిన్ను చాన యాది చేసేది, అన్నది చెల్లె. ఏమనేది అని అడిగిన. ఏమనేది కాదు, నా తల దువ్వేటప్పుడు ఒక్కోసారి నీ పేరు పెట్టి పిలిచేది అన్నది.

వాడు వచ్చేదాక మేము చెరో పక్క కూసొని పాలకూర తుంచుకున్నం. నాకు కండ్లకెల్లి నీళ్లు రాలే అప్పుడు. తిరుగు బస్సుల వచ్చినయి, ఆగలే.

ఆ తర్వాత మూడేండ్లు ప్రతి రంజాన్‌కు తమ్ముడు పోయివచ్చేటోడు. నాలుగో యేడు పోతే ఆ పచ్చతలుపుకు తాళం ఉంది. చెల్లె పెండ్లి ఎవరో చుట్టాలతోటి హడావుడిగ అయిందని, భర్త బొంబాయి దిక్కు భీవండిల మగ్గం మీద పని చేస్తడని, ఆడికే తీసుకపోయిండని చెప్పిన్రు. అడ్రసు ఎవరి దగ్గర లేదు. ఖాలమ్మ పెద్దబిడ్డను ఎక్కడిచ్చిన్రో అదీ తెల్వదు. తమ్ముడు ఇద్దరు ముగ్గురు మగ్గం పనోళ్లతోటి కబురంపిండు. భీవండిల మన దిక్కోళ్లు వేలమంది ఉంటరు, పేరొక్కటి పట్టుకొని ఎక్కడ ఎతుకుతరు అన్నరు వాళ్లు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటినయి, పింఛన్ మీద ఉన్న. చెల్లె ఉంటే ఆమెకు అరవై ఏండ్లుంటయి. మొన్న మంచిర్యాల బస్టాండుల, కరీంనగర్ బస్సు కిటికీ పక్కన బుర్ఖా వేసుకున్న ఒకామె కూసొని ఉంది. ముసుగు పైకి వేసుకొని బత్తాయి ఒలుస్తాంది. ఆ చెంపల తీరు చూసి నాకు కాళ్లు ఆగినయి. దగ్గరికి పోయిన. మీది జగిత్యాల దిక్కా అమ్మా అని అడిగిన. కాదక్కా, నిర్మల్ అన్నది ఆమె. నా మొహంల ఏం చూసిందో, ఒక బత్తాయి తొన కిటికీలకెల్లి నా చేతిల పెట్టింది. బస్సు పోయింది.